కాలు తీస్తే ఆగే బండి

వెనక చక్రాల బోల్టులు రెండోసారి బిగిస్తున్నాడు హోబర్ట్ ములిన్స్. కొత్త ట్రాక్టరు పెట్టె విప్పి నిలబెట్టాక ఒకసారి బిగించాలి. యార్డులో నాలుగు చుట్లు తిప్పి మళ్ళీ బిగించాలి. ముప్పై ఒక్క ఏళ్ళుగా డ్వైట్ దుకాణంలో, అంతకు ముందు డ్వైట్ వాళ్ళ నాన్న దుకాణంలో, అతని పని అదే. పొడుగు మనిషి. మోకాళ్ళ మీద కూర్చున్నా తల సీటు ఎత్తుకు వచ్చేది. ఇక ఆ చేతులు చూడాలి. గీతల్లో దిగిన గ్రీజు ఎంత తోమినా పోదు. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో జాకీ కింద నలిగి రెండుగా చీలింది, అప్పట్నుంచీ అలాగే రెండుగా పెరుగుతోంది. మా లోయలో ఆ చేతులు బోల్టు బిగించని ట్రాక్టరు లేదంటే అబద్ధం కాదు. సొంతానికి మాత్రం అతనికి ఏనాడూ కొత్త బండి లేదు.

ఆ శనివారం బోల్టుకీ బోల్టుకీ మధ్య ఆగుతున్నాడు. ఊపిరి అందాక మళ్ళీ పానా అందుకుంటున్నాడు. ఎందుకో డ్వైట్‌కి తెలియదు. మార్చిలో పట్నం డాక్టరు, గుండె బాగా బలహీనపడింది, వచ్చే చలికాలం దాటడం కష్టం అన్నాడు. హోబర్ట్ ఆ మాట మింగేసి, మాత్రల సీసాను తిండి డబ్బాలో రొట్టె చుట్టిన గుడ్డ కింద దాచుకుని, మర్నాడు మామూలుగా పనిలోకి వచ్చాడు.

ఎనిమిది గంటలకు క్లైడ్ రాట్లిఫ్ వచ్చాడు. పాతికేళ్ళు బడి బస్సు తోలి రిటైరై, కొండవాలున పన్నెండెకరాలు కొన్నవాడు. వస్తూనే యార్డులో అన్నిటికంటే పెద్ద బండి చుట్టూ తిరిగి, దాని ముక్కు మీద గుర్రాన్ని తట్టినట్టు తట్టాడు.

"ఇది కావాలి నాకు. బస్సు తోలినోణ్ణి, దీనికి జడుస్తానా?"

"మీరు జడవరు. కొండే జడుసుకుంటది," అన్నాడు హోబర్ట్ లేవకుండానే. "మీ షెడ్డు తలుపు ఎత్తెంత?"

"కొలవలేదు."

"వాలెలా ఉంటది?"

"మేకలెక్కుతాయి."

"మేకలకి అమ్మట్లేదు మనం. పనేంటి మీకు?"

"గడ్డి కొయ్యాలి, దారిలో కంకర సర్దాలి, మంచు తోయాలి, కట్టెలు మొయ్యాలి."

"దానికి పాతిక హార్స్ పవరే ఎక్కువ. నాలుగు చక్రాలూ లాగేది తీసుకోండి. చక్రాలు వెడల్పుగా పెట్టిస్తా. ముందు బకెట్‌లో రాళ్ళెత్తితే వెనక తేలిపోద్ది కాబట్టి వెనక టైర్లలో గడ్డకట్టని నీళ్ళు నింపుతా. తల మీద ఇనుప కమాను ఉందే, షెడ్డులో దూరేటప్పుడు మడవండి. వాలు మీద మాత్రం నిలబెట్టి ఉండాలి, నడుముకి బెల్టుండాలి. బండి పడినా మీరు దాని కింద పడరు." పానా కింద పెట్టాడు. "ఇంకొక్కటి. మీకు చేతకాని రోజున ఎవరు తోలతారు?"

క్లైడ్ టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. "మా ఆవిడేగా. అదేమో కారు కూడా తోలదు."

"అయితే సోమవారం ఆవిణ్ణి తీసుకురండి. సీటు మీద కూచోబెట్టి చూద్దాం. ఆవిడ కాలందితేనే అది మీ బండి."

క్లైడ్ వెళ్ళాక డ్వైట్ గుమ్మంలోంచి అరిచాడు. "పెద్దాయనా, పెద్ద బండి కొనేవాడికి చిన్న బండి అంటగట్టేది ఈ రాష్ట్రం మొత్తంలో నువ్వొక్కడివే!"

"తిరగబడ్డాక మళ్ళీ మనకే తెస్తారుగా. అప్పుడు లేపేది నేనే," అన్నాడు హోబర్ట్.

ఎవరొచ్చినా ఆ ఆఖరి ప్రశ్న అడగడం అతనికి అలవాటు. పదిమందిలో తొమ్మిదిమంది నవ్వేసి ఊరుకునేవాళ్ళు. మార్చి తర్వాత ఆ ప్రశ్న ఇంటికొచ్చి అతని మంచం పక్కనే పడుకుంది. హోబర్ట్‌కి ఎనిమిదెకరాలు, రెండావులు, వానకు కొట్టుకుపోయే కంకర దారి, ఆ పైన కొండనెత్తిన చదును నేలలో ఇంటివాళ్ళ సమాధులు. వాటిల్లో ఒకటి చిన్నది. మూడు రోజులు బతికిన పాపది. తర్వాత వాళ్ళకి పిల్లలు లేరు. నలభై ఒక్క ఏళ్ళుగా మే నెలాఖరు ఆదివారం, సమాధులకు పూలు పెట్టే రోజు, ఆ రాయి చుట్టూ గడ్డి అతని భార్య లొరీన్ తన చేత్తోనే కోస్తోంది. హోబర్ట్ పోతే ఆ దారి ఎవరు బాగు చేస్తారు, ఆ గడ్డి ఎవరు కోస్తారు? లొరీన్ పట్నంలో అక్క ఇంటికి పోవాలి. ఆ రాయి గడ్డిలో మునిగిపోవాలి. అది జరక్కూడదు. అతనికి కావలసింది అంతే.

అందుకని నెల రోజులు ఏరాడు. లొరీన్ అయిదడుగులకు రెండంగుళాలు తక్కువ. ఎడమ మోకాలు ఆవు తన్ని విరిగింది, సరిగ్గా అతకలేదు. కాబట్టి క్లచ్ ఉన్న బండి పనికిరాదు. అన్నీ కుడికాలితో అయిపోవాలి. ముందు బకెట్ తీసి ఇంకోటి తగిలించాలంటే చేత్తో ఎత్తే పని ఉండకూడదు, ఒక్క మీట తిప్పితే ఊడాలి. మనిషి సీటు మీంచి లేచిన మరుక్షణం ఇంజను ఆగిపోవాలి. సీటు కింద దానికో మీట ఉంటుంది, మగాళ్ళు విసుగొచ్చి దాని తీగ తెంపేస్తుంటారు. హోబర్ట్ దాన్ని రెండుసార్లు పరీక్షించి మరీ ఉంచాడు. కోత బ్లేడు బండి పొట్ట కింద ఉండాలి, వెనక్కి మెడ తిప్పి చూసే పని లేకుండా. ఇన్నీ కుదిరిన ఎర్రబండి ఏప్రిల్లో దిగింది. ఒక్క పెడల్ మాత్రం ఆమెకు అందదు. దాని మీదకు హికరీ అనే గట్టి కర్ర ముక్క చెక్కి, గుండ్రంగా నున్నచేసి, రెండు మరలతో బిగించాడు. కాలు జారకుండా లొరీన్ పాత వానబూటు అడుగు కోసి దాని మీద అతికించాడు.

మధ్యాహ్నం బండిని ట్రైలర్ మీదికి ఎక్కిస్తుంటే డ్వైట్ ఆ చెక్క చూశాడు.

"ఇదేంటి? బొమ్మలకా?"

"మా ఆవిడకి."

"మరి నీ కాళ్ళు ఎక్కడ పెట్టుకుంటావు? చెవుల పక్కనా?"

హోబర్ట్ గొలుసు బిగించి, "నేను తోలనుగా," అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి లొరీన్ వసారాలో కూర్చుని ఉంది. రంగు కాగితాలతో పూలు చుట్టి, కరిగిన మైనంలో ముంచి, తాడు మీద ఆరేస్తోంది. మైనంలో ముంచితే వానకు తడవవు. పొయ్యి మీద చిక్కుడుగింజలు ఉడుకుతున్న వాసన వస్తోంది.

"ఎవరిదయ్యా ఆ బొమ్మ బండి?"

"నీదే."

"నాకెందుకు? నువ్వు చచ్చావా?"

హోబర్ట్ నవ్వలేదు. గొలుసులు విప్పుతూ ఉండిపోయాడు. లొరీన్ చేతికంటిన మైనం గోటితో గీకుతూ అతని దగ్గరకు వచ్చింది.

"ఏప్రిల్లో నేను కుర్చీలో కునుకు తీస్తుంటే పురికొసతో నా కాలు కొలిచావు. నేను మెలకువగానే ఉన్నాలే. శవపెట్టెకి కొలత తీస్తున్నాడా, ఈయనకింత తొందరేంటా అనుకున్నా."

"పెట్టెకైతే మనిషి మొత్తం కొలుస్తారు. నేను నడుం నుంచి మడమ దాకానే కొలిచా."

"ఉన్నదే అంతగా."

అప్పుడు నవ్వాడు. నవ్వితే ఆయాసం వచ్చింది. చక్రం పట్టుకుని నిలబడ్డాడు. లొరీన్ అతని వీపు మీద చెయ్యి వేసింది.

"మాత్రల సీసా చూశా," అంది. "ఆ డబ్బా రోజూ కడిగేదెవరనుకున్నావు?"

"ఎప్పుడు చూశావు?"

"మార్చిలోనే."

"అడగలేదేం?"

"నువ్వు చెప్పలేదేం?"

లొరీన్ గౌను కొంచెం ఎత్తిపట్టుకుని, "పట్టుకో, ఎక్కుతా," అంది.

సీటు ముందుకు జరిపి ఉంది. బెల్టు పెట్టాడు. కమాను నిలబెట్టి చీలలు దిగాయో లేదో లాగి చూశాడు. ఆమె కుడికాలు పట్టుకుని చెక్క మీద పెట్టాడు.

"వేళ్ళతో నొక్కితే ముందుకి. మడమతో నొక్కితే వెనక్కి. వాలు నిటారుగా ఎక్కు, అడ్డంగా పోవద్దు. బకెట్ నేలకి జానెడు ఎత్తులోనే ఉంచు."

"బ్రేకెక్కడ?"

"ఎడం కాలి దగ్గరుంది. దాని పని పడదులే. కాలు తీస్తే చాలు. అదే ఆగిపోద్ది."

"ఏం జరిగినా?"

"ఏం జరిగినా. కాలు తీసెయ్, అంతే."

వాకిట్లో మూడు చుట్లు తిరిగింది. మొదటి చుట్టులో కోళ్ళు అరుచుకుంటూ పారిపోయాయి, రెండో చుట్టులో పూల తాడు తెగింది. మూడో చుట్టు శుభ్రంగా వచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి, పెదాలు బిగబట్టి, బడిలో పలక పట్టుకున్న పిల్లలా కూర్చుంది. కాలు తీసింది. బండి ఆగింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ తీసింది. "మాట వింటోందయ్యా ఇది, నీకంటే నయం," అంది.

మర్నాడే ఆ ఆదివారం, ఎలాగూ పూలు పెట్టాలి. పైన గడ్డి మోకాలెత్తు ఉంది. హోబర్ట్ తను కూడా వస్తానని నాలుగడుగులు వేశాడు.

"నువ్వక్కడే కూచో. నువ్వు లేనప్పుడు తోలాల్సిందేగా. లేవనుకునే తోలతా, చూద్దాం."

ఆ మాటకు అతను గేటు పక్క మొద్దు మీద కూర్చున్నాడు. ఎర్రబండి వాలు నిటారుగా ఎక్కింది, చెప్పినట్టే. చెట్ల వెనక్కి వెళ్ళింది. ఆ తర్వాత చప్పుడే.

బండి చప్పుడు హోబర్ట్‌కి అక్షరం కంటే బాగా తెలుసు. బ్లేడు దిగడం విన్నాడు. గడ్డి తగలగానే ఇంజను గొంతు బరువెక్కడం విన్నాడు. వరస చివర తిరగడం, మళ్ళీ రావడం. ఒకటి. రెండు. మూడోది పిల్లనిచ్చిన మామ సమాధి దాటింది. నాలుగు. వరస వరసకూ నెమ్మదిగా, తిన్నగా. అతని భుజాలు కిందికి దిగాయి. జేబులోంచి ఆపిల్ తీసి, చాకుతో ముక్క కోసి నోట్లో వేసుకున్నాడు. ఏడు. ఇక వచ్చేది పాప రాయి.

అక్కడ చప్పుడు కదలడం మానేసింది.

ఇంజను నడుస్తోంది. బ్లేడు తిరుగుతోంది. గడ్డి తగలడం లేదు. దిగి రాయి చుట్టూ చేత్తో పీకుతోందేమో అనుకున్నాడు. అనుకున్న వెంటనే తెలిసింది. దిగితే ఇంజను ఆగిపోవాలి. ఇంజను నడుస్తోందంటే మనిషి సీటు మీదే ఉంది. బండి కదలడం లేదంటే కాలు తీసేసింది.

చాకు మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. వాలు ఎక్కుతూ మూడుసార్లు ఆగాడు. మూడోసారి ఓక్ చెట్టుకు నుదురు ఆనించి నిలబడ్డాడు. పైన అదే చప్పుడు, హెచ్చూ తగ్గూ లేకుండా.

ఏడు వరసలు దువ్వెన పెట్టి దువ్వినట్టున్నాయి. పాప రాయికి జానెడు దూరంలో బండి నిలబడి ఉంది. రాయికి గీత కూడా పడలేదు. బెల్టు లొరీన్‌ను నిటారుగా పట్టుకుని ఉంది. తల మాత్రం భుజం మీదికి వాలింది. కుడికాలు చెక్క మీంచి జారి పక్కకు వేలాడుతోంది.

"చాల్లే, లొరీన్. దిగు," అన్నాడు.

ఆమె మెడ కింద రెండు వేళ్ళు పెట్టి నాడి కోసం చాలాసేపు వెతికాడు, దొరకలేదు. అప్పుడు తాళం తిప్పి ఇంజను ఆపాడు. పిట్టల చప్పుడు వినిపించింది. తను ఏరి ఏరి పెట్టినవన్నీ, ఒక్కటి కూడా తప్పకుండా, చెప్పినట్టే పనిచేశాయి.

మూడో రోజున మా లోయ మగాళ్ళు పలుగూ పారతో గొయ్యి తవ్వారు, పాప రాయి పక్కనే. పెట్టె తెచ్చిన కారు గేటు దాటి ఎక్కలేకపోయింది. పెట్టెను ట్రైలర్ మీద పెట్టి ఎర్రబండికి తగిలించారు. డ్వైట్ రెంచి పట్టుకొచ్చాడు.

"పెద్దాయనా, ఒక్క నిమిషం. సీటు వెనక్కి జరిపి ఆ చెక్క తీసేస్తా. నీ కాళ్ళు పట్టవు."

"ఉండనీ."

"నన్ను తోలనీ, పోనీ."

"ఆవిడకి నేను నేర్పానయ్యా. నేనే తోలతా."

మోకాళ్ళు స్టీరింగుకు రెండు పక్కలా పైకి లేచి ఉండగా, బూటు ముందు కొస చెక్క అంచున ఆనించి, ఆ పొడుగు మనిషి వాలు నిటారుగా ఎక్కించాడు. అడ్డంగా పోలేదు. మైనం పూలు ఒళ్ళో పెట్టుకుని మేం వెనక నడిచాం. పైన చదునుకు వచ్చాక అతను కాలు తీశాడు. బండి ఆగింది. అతను మాత్రం దిగలేదు. ఇద్దరు చెరోవైపూ పట్టుకుని దింపాల్సి వచ్చింది.

డాక్టరు చెప్పిన చలికాలం వచ్చింది, పోయింది. దాని తర్వాతి చలికాలమూ పోయింది. హోబర్ట్ మిగిలాడు. సోమవారాలు యార్డుకు వెళ్ళి బోల్టులు బిగిస్తాడు. కొనేవాళ్ళు వస్తే తలుపెత్తు అడుగుతాడు, వాలు అడుగుతాడు. ఆ ఆఖరి ప్రశ్న అడగడం మానేశాడు.

మే నెలలో గడ్డి కోసేది అతనే. సీటు జరపలేదు. షెడ్డులో కమాను మడిచి నిలబెట్టిన ఎర్రబండి పెడల్ మీద హికరీ చెక్క ఇప్పటికీ ఉంది, దాని మీద అతికించిన బూటు అడుగు గీతల సందున, ఆ శనివారం నాటి గడ్డిపోచ ఒకటి ఎండి అంటుకుని ఉంది.