సాయమ్మ నీడలో టీకా మందు

పొద్దున్నే సాయమ్మ దొర ఉండే గడికి పోయేది. పెరట్లో ఎండకు నిలబడేది. ఆమె నీడ పడిన చోట దొరగారి మామిడిపండ్లు, తమలపాకులు, మజ్జిగ కుండ పెట్టేవారు. పొద్దు తిరిగినకొద్దీ వాటిని జరిపేవారు. సాయమ్మ నీడ చల్లన. రోహిణి కార్తెలో కూడా బావి అడుగున ఉన్నంత చల్లన. పెన్‌పహాడ్‌లో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు. కొందరి గొంతు బాగుంటుంది, కొందరి చేతి వంట బాగుంటుంది, సాయమ్మ నీడ చల్లగా ఉంటుంది. దానికి కూలి లేదు. వెట్టి.

అదే నీడ దారిలో మనిషి మీద పడితే మాత్రం మైల. అంటరాని వాడ మనిషి నీడ కదా! గడివాళ్లు ఎదురైతే ఆమె పక్కకు దూకి, తన నీడను ముళ్లకంపల మీదకు తీసుకుపోవాలి. ఆ నీడలో చల్లబడిన మామిడిపండ్లను గడివాళ్లు కడుక్కుని తినేవారు. దున్నేవాడిదే భూమి అని ఊరి గోడల మీద బొగ్గుతో రాసి ఉంది. నీడ ఎవరిదో ఏ గోడా చెప్పలేదు.

నలభై తొమ్మిది ఎండాకాలంలో ఊళ్లో మశూచి పుట్టింది. వాడలో ఇద్దరు పిల్లలు పోయారు. సూర్యాపేట నుంచి టీకాలు వేసే ఏసుపాదం వచ్చాడు. కోదాడ మనిషి. అతని చెక్కపెట్టెలో ఊక, ఊకలో మంచుగడ్డ, దాని మధ్య గాజు గొట్టాల్లో మందు. బెజవాడ లారీలో వచ్చిన ఆ మంచు పెన్‌పహాడ్ చేరేసరికి నీళ్లయింది. గుంత తవ్వి, ఇసుక పోసి, పెట్టె దించి తడి గోనెలు కప్పాడు. వడగాడ్పుకు గోనెలు చూస్తుండగానే ఆరిపోయాయి.

పిల్లలేరీ? తల్లులతో పాటు గడిలో ఉన్నారు. దొర కూతురి పెళ్లి. పిండి విసరడానికి, నీళ్లు మోయడానికి వాడంతా వెట్టికి పోయింది. సాయమ్మ బిడ్డ సత్తెమ్మ కూడా పసిదాన్ని చంకనేసుకుని పోయింది. పొద్దు వాలితే గాని దొర వదలడు. గడికి బయల్దేరిన సాయమ్మ గుంత దగ్గర ఆగింది.

"అప్పటిదాకా ఆగదు పెద్దమ్మా," అన్నాడు ఏసుపాదం. "వేడెక్కితే ఇది మందు కాదు, ఉత్త నీళ్లే. మళ్లీ తేవాలంటే నెల పడుద్ది."

నెల దాకా తన మనుమరాలు ఉంటదా? సాయమ్మ పెట్టెను పైకి తీయించి, ఎండలో తన నీడ కింద పెట్టించింది.

"నిలబడుడు నాకు అలవాటే కొడుకా."

ఏసుపాదం కాసేపాగి పెట్టె తాకి చూశాడు. "ఐసు కన్నా నయంగా ఉందే!" అన్నాడు. పొద్దును బట్టి పెట్టెను జరుపుతూ కూర్చున్నాడు.

ఇంతలో దొర మనిషి పిచ్చయ్య కర్ర ఊపుకుంటూ వచ్చాడు. ఆ అడుగుల చప్పుడుకే సాయమ్మ ఒళ్లు అలవాటుగా పక్కకు దూకింది. నీడ ఆమెతో పోయింది. పెట్టె ఎండలో మిగిలింది.

"నీడ! నీడ పెద్దమ్మా!" ఏసుపాదం పెట్టె మీద అడ్డంపడి అరిచాడు.

సాయమ్మ వెనక్కి వచ్చింది. తన కాళ్ల మీద తనకే కోపమొచ్చింది.

"గడిల పెండ్లిపూలు వాడిపోతున్నయ్. దొర నీ పేరు పెట్టి ఒర్లుతుండు. నడువ్," అన్నాడు పిచ్చయ్య.

"రాను."

"ఏందే, ఎండకు మతి పోయిందా?"

"నీ కొడుక్కు టీకా పడ్డదా పిచ్చయ్యా?"

పిచ్చయ్య కర్ర ఊపడం ఆపాడు.

"భూమి దున్నెటోళ్లదైతే నీడ నిలబడ్డోళ్లది. పొయ్యి చెప్పు మీ దొరకు."

పిచ్చయ్య పోలేదు. మిట్టమధ్యాహ్నం అయింది. నీడ కుంచించుకుని సాయమ్మ పాదాల కిందికి చేరింది. పెట్టె సగం బయటే. ఆమె నెత్తిమీది కొంగు తీసి, రెండు చేతులా పెట్టె మీదకు చాపింది. ఒంటిమీది బట్ట నీడ కూడా చల్లనే. కొంగు జారబోయింది. పిచ్చయ్య కర్ర ముందుకు చాచి కొంగు చివర ఎత్తి పట్టాడు. వాడలో ఆ కర్ర తగలని వీపు లేదు.

"దొర నన్ను సంపుతడు," అన్నాడు.

"జర ఎత్తుగ పట్టు," అంది సాయమ్మ.

పొద్దు వాలాక తల్లులు పిల్లలతో వచ్చి వరుసలో నిలబడ్డారు. ఏసుపాదం పెట్టె తెరిచి గొట్టం తీశాడు. వేళ్లు జివ్వుమనేంత చల్లగా ఉంది. మొదటి టీకా సత్తెమ్మ బిడ్డకు పడింది. తర్వాత పిచ్చయ్య కొడుక్కు.

అప్పుడొచ్చింది గడి కచ్చడం బండి, ఎద్దులు గసపెడుతూ. లోపల దొర కోడలు సులోచన, ఒళ్లో ఏడుస్తున్న పసివాడు.

"జరుగు! జరుగు! దొరసాని మీద నీడ పడతది!" బండి తోలేవాడు అరిచాడు.

సాయమ్మ పాదం లేచింది. వాడంతా ఆ పాదం వైపే చూసింది. పాదం లేచిన చోటే దిగింది.

"మందు నా నీడలున్నది దొరసానీ. బిడ్డకు గావాల్నంటే గీడికే రావాలె."

సులోచన పసివాడిని భుజాన వేసుకుంది. తర్వాత దిగి, వరుస చివర నిలబడింది. వరుస కదిలింది. పొడుగ్గా సాగిన నీడలోకి ఆమె అడుగుపెట్టగానే పసివాడు ఏడుపు మానాడు. కాళ్లు కడగడానికి ఎవరూ నీళ్లు తేలేదు. ఆమె అడగలేదు.

ఆ ఏడు వాడలో మరే బిడ్డా పోలేదు. సాయమ్మ మళ్లీ గడి పెరట్లో నిలబడలేదు. అక్కడ మజ్జిగ మాత్రం రోజూ పులిసింది.