ఆరూ యాభై బస్సు

కారుకు పూజ చేసిన ప్రతిసారీ బ్రహ్మాజీకి ఒకటే అనుమానం వచ్చేది. లోపల కూర్చునేవాళ్ళను చల్లగా చూడమని దేవుణ్ణి అడుగుతాం, బాగానే ఉంది. మరి ఆ కారు పక్కనుంచి నడిచిపోయేవాడి సంగతి, సైకిల్ మీద పోయేవాడి సంగతి దేవుడికి ఎవరు చెప్పాలి? పదమూడేళ్ళుగా ఈ అనుమానాన్ని ఆయన ఎవరి ముందూ బయటపెట్టలేదు. పెడితే పూజ చేయించుకునేవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. పైగా తను పురోహితుడు కూడా కాడు.

ఆ శుక్రవారం పొద్దున షెడ్డులో వంగి సైకిల్ వెనక చక్రానికి గాలి కొడుతున్నప్పుడూ అదే ఆలోచన. పంపు పిడిని రెండు చేతులతో నొక్కుతూ, మధ్యమధ్య ఆగి బొటనవేలితో టైరు అదిమి చూసుకుంటున్నాడు. సన్నటి మనిషి, అరవైకి రెండేళ్ళు తక్కువ. నుదుట కుంకుమ, ఒంటిమీద కార్లవాళ్ళకు దూరం నుంచే కనబడేలా పచ్చగా మెరిసే కోటు. ఏ వస్తువు కోసం చూసినా తల మొత్తం అటు తిప్పి చూస్తాడు. కళ్ళకు నీటికాసులు. ఎదురుగా ఉన్నది స్పష్టంగా కనబడుతుంది, పక్కనుంచి వచ్చేది కనబడదు. డ్రైవింగ్ లైసెన్సు కాగితం మీద సంతకం పెట్టనని ఊళ్ళో డాక్టరు తొమ్మిదేళ్ళ కిందటే చెప్పేశాడు. బస్టాపు దాకా రెండు కిలోమీటర్లు మాత్రం, కార్లు పెద్దగా తిరగని పొలాల దారి కాబట్టి, సైకిల్ మీద వెళ్ళేవాడు.

భార్య భ్రమరాంబ వంటింటి తలుపు దగ్గరికి టిఫిన్ డబ్బా తెచ్చింది.

"మీ సూపర్‌వైజరు కబురు పన్నెండింటికేనా చెప్తానన్నాడు?"

"పన్నెండన్నాడు."

"తొమ్మిదింటి షిఫ్టు ఇచ్చేస్తారండి. నాకు నమ్మకం ఉంది. మీరు మాత్రం ఆ మొహం అలా పెట్టుకుని వెళ్ళకండి."

"మొహం మామూలుగానే ఉందే."

"ఆహా. మామూలుగా ఉందంటే పదహారేళ్ళ నించీ ఇలాగే ఉందన్నమాట."

ఆయన నవ్వి డబ్బాను సంచిలో పెట్టుకున్నాడు. సంచిలో అప్పటికే పూజ సామాను ఉంది.

ఆ రోజుతో ఆరూ యాభై బస్సు ఆగిపోతోంది. ఊరి నుంచి కాజిల్‌బార్ పట్నం శివార్లలోని ఫ్యాక్టరీకి ఏడున్నర షిఫ్టుకు అందించే బస్సు అదొక్కటే. ఎనిమిదింపావుకు పెద్దబస్సు ఒకటి మెయిన్ రోడ్డు మీద ఆగుతుంది గానీ, దాన్ని పట్టుకుంటే ఫ్యాక్టరీ చేరేసరికి తొమ్మిది. అందుకని తనకు తొమ్మిదింటి షిఫ్టు ఇప్పించమని బ్రహ్మాజీ నెల కిందటే అడిగాడు. ఇవ్వకపోతే ఈ రోజే ఉద్యోగానికి ఆఖరి రోజు. రాజీనామా కాగితం మీద ముందే సంతకం పెట్టించుకున్నారు. కాజిల్‌బార్‌లో ఇల్లు దొరికితే ఏ గొడవా ఉండేది కాదు. రెండేళ్ళు వెతికినా, చేతికందే అద్దెలో ఒక్క గది కూడా దొరకలేదు.

సైకిల్ మీద వెళ్ళవచ్చు కదా అని కొందరన్నారు. సెప్టెంబరులో ఒక ఆదివారం అదీ చేసి చూశాడు. పంతొమ్మిది కిలోమీటర్లు. రోడ్డుకు రెండు వైపులా రాతిగోడలు, పక్కన అడుగు పెట్టడానికి జాగా లేదు. జిల్లా కౌన్సిలువాళ్ళ పటంలో ఆ రోడ్డు పొడవునా సైకిళ్ళ దారి ఆకుపచ్చ గీతలా ఉంది. పటం గీసి ఆరేళ్ళయింది. ఆ ఆదివారం నాలుగుచోట్ల ఆయన సైకిల్ దిగి, గోడకు వీపు ఆనించి, కార్లు పోయేదాకా నిలబడ్డాడు. నాలుగోసారి నిలబడినప్పుడు, శీతాకాలంలో, చీకట్లో, ఈ కళ్ళతో ఇది తనవల్ల కాదని అర్థమైంది. ఇంటికి వచ్చి భ్రమరాంబతో మాత్రం దారి పొడవునా బ్లాక్‌బెర్రీలు బాగా కాశాయని చెప్పాడు.

పదహారేళ్ళ కిందట ఈ బస్సులో నిలబడి వెళ్ళాల్సివచ్చేది. అద్దె తక్కువని ఏడు తెలుగు కుటుంబాలు ఈ ఊళ్ళోనే దిగాయి. పొద్దున్నే బస్సులో పులిహోర వాసన, పెరుగు ఎలా తోడుకుంటుందన్న చర్చ, వెనక సీట్లో పోలండువాళ్ళ గురక. తర్వాత ఒక్కొక్కరే కార్లు కొన్నారు. పంతులుగారు కావాలంటే డబ్లిన్ నుంచి రావాలి, మూడు గంటల ప్రయాణం. బ్రహ్మాజీకి మేనమామ నేర్పిన మంత్రాలు నోటికి వచ్చు, చేత్తో రాసుకున్న పుస్తకం ఉంది. అలా వాహనపూజలు ఆయన మెడకు చుట్టుకున్నాయి. తర్వాత వచ్చినవాళ్ళవీ కలిపి మొత్తం ముప్పైఒక్క కార్లు. కాదనకుండా, దక్షిణ పుచ్చుకోకుండా, వాననక ఎండనక చేశాడు. తను కొబ్బరికాయ కొట్టిన ప్రతిసారీ బస్సులో ఒక సీటు ఖాళీ అవుతోందన్న సంగతి ఆగస్టులో బస్టాపు స్తంభానికి నోటీసు అంటించేదాకా ఆయనకు తట్టలేదు. ప్రయాణికులు చాలనందున, అని ఉంది అందులో. తొమ్మిదిమంది సంతకాలతో పై ఆఫీసుకు ఉత్తరం రాస్తే, మీ అభిప్రాయాన్ని గమనించాం అని జవాబు వచ్చింది.

ఫ్యాక్టరీలో ఆయన పని సన్నటి గొట్టాలను చూడటం. గుండె రక్తనాళాల్లోకి పంపే గొట్టాలు. పెద్ద భూతద్దం కింద ఒక్కొక్కటే తిప్పుతూ లోపల బుడగ గానీ గీత గానీ ఉందేమో చూసి, ఉన్నదాన్ని ఎర్ర ట్రేలో, లేనిదాన్ని తెల్ల ట్రేలో పెట్టాలి. పని గదిలోకి ధూళికణం పోకూడదు. అందుకని లోపలికి వెళ్ళే ముందు రోజూ నుదుటి కుంకుమ తడిగుడ్డతో తుడుచుకునేవాడు, బయటికి రాగానే మళ్ళీ పెట్టుకునేవాడు. మొదట్లో తుడిచే ముందు దేవుడికి క్షమాపణ చెప్పుకునేవాడు. తర్వాత, లోపల ఎవరి గుండెకో సంబంధించిన పని జరుగుతోంది, అదీ పూజ కిందే లెక్క అని సర్దిచెప్పుకున్నాడు. దేవుడు ఒప్పుకున్నాడో లేదో తెలియదు.

పదకొండున్నరకు బ్రేక్. కార్ల పార్కులో నీలిమ కాచుకుని ఉంది. కరీంనగర్ పిల్ల, క్వాలిటీలో ఇంజనీరు. పోయిన నెలదాకా బస్సులో ఆయన పక్క సీటు ఆమెదే. తెల్లటి ఎలక్ట్రిక్ కారు, ఇంకా సీట్ల మీద ప్లాస్టిక్ తీయలేదు.

"అంకుల్, కర్పూరం ముట్టియ్యద్దంట. సెక్యూరిటాయన ఫైర్ అలారమనుకుంట భయపడుతుండు."

"మరి హారతి ఎలాగమ్మా?"

"బ్యాటరీ దీపం తెచ్చిన."

"స్వామికి బ్యాటరీ హారతా!"

"కారే బ్యాటరీది గద అంకుల్. ఆయనకు తెల్వదా?"

బానెట్ మీద పసుపుతో స్వస్తికం వేసి, కుంకుమ అద్ది, ఆయన పుస్తకం చూడకుండానే మంత్రాలు చదివాడు. గాలికి అక్షింతలు చేతిలోంచే ఎగిరిపోతున్నాయి. చివర్లో కళ్ళు మూసుకుని, పెదవులు కదిలీ కదలనట్టుగా, ఈ బండికి ఎదురుపడేవాళ్ళనూ పక్కన పోయేవాళ్ళనూ కూడా చూసుకో తండ్రీ, అన్నాడు. పదమూడేళ్ళలో మొదటిసారి.

"ఆఖర్ల చదివింది ఏం మంత్రం అంకుల్? కొత్తగున్నది."

"మంత్రం కాదమ్మా. మనవి."

నీలిమ తాళంచెవిని చేతిలో అటూ ఇటూ తిప్పింది. "నోటీస్ చూసినంకనే కొన్న అంకుల్. లేకుంటే కొనకపోదును. సోమవారం నుంచి నాది రాత్రి దాక సెకండ్ షిఫ్ట్, లేకుంటే మిమ్మల్ని నేనే ఎక్కిచ్చుకుందు."

"తెలుసమ్మా."

బస్సు పోతుందని ఈమె కారు కొంది. ఈమెలాంటివాళ్ళు కొన్నారని బస్సు పోయింది. ఇందులో తప్పు ఎవరిదో ఆయనకు తేలలేదు. ముప్పైరెండు, అనుకున్నాడు.

పన్నెండుకు సూపర్‌వైజర్ ఆశిష్ అద్దాల గదిలోకి పిలిచాడు. పూణేవాడు, నలభై లోపు. తలుపు మెల్లగా వేసి ఇంగ్లీషులో చెప్పాడు. లైన్ ఏడున్నరకు మొదలవుతుంది, తొమ్మిదింటికి మొదలయ్యే షిఫ్టు లైన్‌వాళ్ళకు లేదు, ఒక్కరికోసం పెట్టలేమని పైనుంచి వచ్చింది.

"ఇంకొక్కసారి అడిగి చూస్తారా?" అన్నాడు బ్రహ్మాజీ.

"మూడుసార్లు అడిగాను, బ్రహ్మాజీ గారూ." ఆ 'గారూ' ఒక్కటీ తెలుగులో అన్నాడు. ఆయన దగ్గరే నేర్చుకున్న మాట.

"సరేనండి. మీరు మాత్రం ఏం చేస్తారు."

తిరిగి వెళ్ళి భూతద్దం ముందు కూర్చున్నాడు. ట్రేలో ఇంకా నూటనలభై గొట్టాలున్నాయి. అన్నీ చూశాడు. మూడింటిని ఎర్ర ట్రేలో పెట్టాడు. మూడు ముప్పావుకు గుర్తింపు కార్డు మెడలోంచి తీసి రిసెప్షన్‌లో ఇచ్చి, కుంకుమ పెట్టుకుని బయటికి వచ్చాడు.

తిరుగు బస్సులో నలుగురే ఉన్నారు. డ్రైవర్ కెవిన్ అద్దంలోంచి కనుబొమలు ఎగరేశాడు. బ్రహ్మాజీ తల అడ్డంగా ఊపాడు. కెవిన్ గేరు గట్టిగా వేశాడు. సోమవారం నుంచి అతను స్కూలు పిల్లల బస్సు నడుపుతాడు.

ముందు సీట్లో రోజీ. డెబ్బైనాలుగేళ్ళ మనిషి. భర్త టామ్ కాజిల్‌బార్‌లో నర్సింగ్ హోమ్‌లో ఉన్నాడు. రోజూ పొద్దున ఈ బస్సులో వెళ్ళి, అతనికి అన్నం తినిపించి, సాయంత్రం ఈ బస్సులోనే వచ్చేది.

"వచ్చేవారం నుంచి ఎలా వెళ్తారు?" అని అడిగాడు.

"పక్కింటావిడ మంగళవారాలు తీసుకెళ్తానంది. గ్రాండ్, ఏం ఫరవాలేదు, అలవాటైపోతుంది." ఒళ్ళో సంచి సర్దుకుని, "టామ్‌కి రోజులు గుర్తుండవులే. రోజూ వచ్చాననే అనుకుంటాడు," అంది.

బయట నవంబరు వెలుతురు గోడల మీదినుంచి జారిపోతోంది. కిటికీ అద్దానికి తల ఆనించి కూర్చున్న బ్రహ్మాజీకి ఒక సంగతి గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. తొమ్మిదేళ్ళ కిందట బస్టాపు దగ్గరే ఎవరి కారుకో పూజ చేస్తుంటే, కెవిన్ కిటికీలోంచి తల బయట పెట్టి అరిచాడు: "బ్రామ్, మరి నా బండికెప్పుడు?" వచ్చే శుక్రవారం అని మాటిచ్చాడు. తర్వాత సంకల్పం దగ్గర అడ్డం పడింది. పూజ అన్నాక యజమాని పేరు, గోత్రం చెప్పాలి. ఈ బస్సు యజమాని ఎక్కడో డబ్లిన్‌లో కూర్చుని ఉంటాడు, దీన్ని ఒక్కసారి కూడా ఎక్కి ఉండడు. అతని పేరేమిటో, గోత్రమేమిటో. శాస్త్రం తప్పుతుందని వాయిదా వేశాడు. కెవిన్ ఇంకో రెండుసార్లు అడిగి, ఆపై మానేశాడు. ముప్పైరెండు కార్లకు దొరికిన ముహూర్తం, రోజూ తనను మోసిన బండికి దొరకలేదు.

ఆఖరి స్టాపులో అందరూ దిగారు. దిగేటప్పుడు డ్రైవర్‌కు థ్యాంక్స్ చెప్పడం ఇక్కడివాళ్ళ పద్ధతి. బ్రహ్మాజీ చెప్పకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"కెవిన్, పది నిమిషాలు ఆగగలవా? నీకొక పూజ బాకీ ఉన్నాను."

కెవిన్ ఇంజన్ ఆపేశాడు. "డిపోలో నాకోసం ఎవరేడుస్తున్నారు? కానివ్వు."

సంచిలో పసుపు, కుంకుమ, కర్పూరం ఉన్నాయి. నిమ్మకాయలు మాత్రం నీలిమ కారుకే అయిపోయాయి. చక్రాల కింద పెట్టి తొక్కించడానికి గుండ్రటి పండు ఏదైనా కావాలని చెబితే, రోజీ తన సంచి వెతికి చిన్న కమలాపండ్ల వల బయటికి తీసింది. "టామ్‌కి కొన్నాను, తినలేదు. ఇవి పనికొస్తాయా?" ఏ శాస్త్రంలోనూ లేదు. ఆయన నాలుగు తీసుకున్నాడు.

సన్నగా వాన మొదలైంది. రోజీ గొడుగు పట్టింది. బస్సు అద్దం కింద పసుపుతో స్వస్తికం వేసి, చేతిలో నీళ్ళు పోసుకుని, సంకల్పం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. గోత్రం తెలియనివాళ్ళకు కాశ్యప గోత్రం చెప్పవచ్చని మేనమామ అనేవాడు. గొంతు సవరించుకున్నాడు.

"కాశ్యప గోత్రోద్భవస్య, కెవిన్ నామధేయస్య…"

"నా పేరుకు ముందు అదేంటి?" అన్నాడు కెవిన్.

"ఒక ఋషి పేరు. తమది ఏ ఇల్లో తెలియనివాళ్ళందరినీ తన ఇంటివాళ్ళుగా రాసుకుంటాడు."

"లేనివాళ్ళకు ఇళ్ళిస్తామనే కౌన్సిలువాళ్ళకంటే నయం."

"మేం కాథలిక్కులం, ఆయనకు ఫరవాలేదా?" అంది రోజీ.

"ఏం ఫరవాలేదు," అని ఆయన రోజీ పేరు చెప్పాడు, టామ్ పేరు చెప్పాడు. ఈ బస్సు ఎప్పుడో ఎక్కి దిగిపోయినవాళ్ళ పేర్లు, గుర్తున్నన్నీ చెప్పాడు. పోలండువాళ్ళను కూడా కాశ్యప గోత్రంలోనే కలిపేశాడు. తన పేరు తన గోత్రంతో చివర చెప్పుకున్నాడు. కర్పూరం రెండుసార్లు వానకు ఆరి, మూడోసారి గొడుగు కింద వెలిగింది. రోజీ శిలువ గుర్తు వేసుకుంది.

చక్రాల కింద కమలాపండ్లు పెట్టి చెయ్యి ఊపాడు. కెవిన్ బండి మెల్లగా ముందుకు కదిలించి, తల బయట పెట్టి, "థ్యాంక్స్, బ్రామ్," అన్నాడు. ఎర్ర దీపాలు మలుపు దాకా కనబడి, పక్కకు తిరగగానే ఆయన చూపులోంచి తప్పుకున్నాయి.

రోజీని వాళ్ళ గేటు దాకా దిగబెట్టడానికి ఆయన సైకిల్ నడిపించుకుంటూ ఆమె వెంట వెళ్ళాడు.

స్టాపు దగ్గర రోడ్డు మీద మూడు కమలాపండ్లు చితికి వాననీళ్ళలో పచ్చగా పాకుతున్నాయి. నాలుగోది చక్రం కింద పడకుండా దొర్లి, స్తంభం మొదట్లో తొక్క చెదరకుండా ఉంది.