మొక్కుబడి మేకపోతు

మా ఆయన చిన్నప్ప మిలటరీ కూలీగా ఓడెక్కి, మూడేళ్ళు జాడ లేకుండా పోయాడు. మనిషి తిరిగొస్తే మేకపోతును కోసి పేటంతటికీ భోజనం పెడతానని రెంటచింతల గుడిలో మరియమ్మ తల్లికి మొక్కుకున్నాను. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, ఎండాకాలంలో, పుల్లలా ఎండిపోయి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నేను ఏడుస్తూనే తిట్టాను. తిట్టకపోతే వేరే ఇంటికి వచ్చాననుకుంటాడని.

విందు రోజు పొద్దున్నే నేను కత్తి నూరుతుంటే, ఆయన పోతు తాడు పట్టుకుని కోయొద్దన్నాడు. పేటంతా పిలిచాక ఇప్పుడా చెప్పేదని మండిపడ్డాను. అసలు నా భయం వేరు. మొక్కు తప్పితే, ఇచ్చిన తల్లే ఆయన్ని మళ్ళీ తీసుకుపోతుందేమోనని.

అంతవరకూ ఎవరికీ చెప్పనిది అప్పుడు చెప్పాడు. ఓడ మునిగి ఆయన కొట్టుకుపోయింది మనుషులు లేని దీవికట. నడుమ పొగలు కక్కే కొండ. దానికి ఒకవైపు నల్లటి బూడిద, మరోవైపు చీకటి కమ్మిన అడవి. ఒడ్డున కొన్నిచోట్ల నీళ్ళు కాళ్ళు కాలేంత వేడిగా ఉండేవట. నీళ్ళ అడుగున రంగురంగుల పగడాలు. చూడటానికే గానీ కడుపుకు పనికిరావు. చావుకు సిద్ధపడి పడుకున్నవాడికి మేక అరుపు వినిపించింది. ఓడ పగిలి వచ్చేవాళ్ళకు ఆధారంగా ఎప్పుడో ఎవరో అక్కడ ఒక మేకల జతను వదిలారట. అవి మందైపోయాయి. వాటి వెంట పోతే ఊట దొరికింది. పిల్లతల్లి మేక ఒకటి చేతికి చిక్కితే, ఏదో ఓడ వచ్చి ఎక్కించుకునేదాకా దాని పాలతో ప్రాణం నిలుపుకున్నాడు.

"ఆ వదిలినోళ్ళు ఎవరో నాకు తెల్వదే. వాళ్ళకి దణ్ణం ఎట్టా పెట్టేది? మనం గూడా దీన్ని ఏటి లంకలో వదులుదాం. వరదలో చిక్కినోడికి తిండి పెడితే తల్లికి పెట్టినట్టే గదా," అన్నాడు.

నూరుతున్న కత్తి పక్కన పెట్టాను. అదే అదనుగా జత కావాలని ఇంట్లో ఉన్న ఆడమేకను కూడా అడిగాడు. గొణుక్కుంటూనే ఇచ్చాను. పేటకు పప్పూ గోంగూరా వండి పెట్టాం. మేకకూర లేని మొక్కేందని పక్కింటి రాజమ్మత్త మూతి ముడిచింది గానీ, సంగతి విన్నాక కళ్ళు తుడుచుకుని మారు అన్నం వడ్డించుకుంది.

మర్నాడు సత్రశాల రేవులో పడవెక్కి, వరదకు మునగని మెరక లంకకు పోయాం. పోతును ఆయన దించాడు. ఆడమేక తాడు నేనే విప్పాను. రెండూ మా వంక చూడకుండా తుమ్మచెట్లలోకి పోయాయి.

తల్లికి దణ్ణం పెట్టాను. పేరు తెలియని ఆ మనిషికీ పెట్టాను, నా మొగుణ్ణి నాకు పంపినందుకు. ఎప్పుడో ఎవరి పెనిమిటో ఆకలితో ఈ ఒడ్డుకు చేరతాడు. వాడు కూడా ఇల్లు చేరి, గుమ్మంలో నిలబడి, పెళ్ళాం చేత తిట్లు తినాలి.