రెండో దెబ్బ

విల్‌ఫ్రెడ్‌కి ఎడమ చెవి వినపడదు. తొమ్మిదేళ్లప్పుడు, ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ పిల్లలందరిలాగే, ఆగి ఉన్న గూడ్సు బండి కిందనుంచి దూరి అవతలికి పోబోతుంటే వాళ్ల నాన్న జబ్బ పట్టి బయటికి లాగాడు. లాగి చెంప మీద ఒకటిచ్చాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. బండి కదిలి వెళ్లిపోయాక కూడా కొడుతూనే ఉన్నాడు, చెవిలోంచి రక్తం కారేదాకా. తల్లి కృపమ్మ వచ్చి కాళ్లు పట్టుకుంటే గాని ఆ చెయ్యి ఆగలేదు. చచ్చినా మనిషి మీద చెయ్యి ఎత్తకూడదని విల్‌ఫ్రెడ్ ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్లుగా ఆ ఒట్టు మీదే బతుకుతున్నాడు. పెళ్లాన్ని కొట్టలేదు, పిల్లల్ని కొట్టలేదు.

అలాంటివాడికి తొంభై మూడులో దొరికిన ఉద్యోగం, ఊరి బయట వాషర్లు కొట్టే ఓ ప్రైవేటు కంపెనీలో ట్రైనింగ్ ఆఫీసరు. కార్మికులకి పని నేర్పాలి, మర్యాద కూడా నేర్పాలి. తిట్లు మానాలి, కొట్లాటలు మానాలి, అంతా ఒక కుటుంబంలా మెలగాలి అని కలకత్తా హెడ్డాఫీసు నుంచి ఫైలు వచ్చింది. కుటుంబాల్లో ఏం జరుగుతుందో హెడ్డాఫీసుకి తెలిసినట్టు లేదు! అయినా విల్‌ఫ్రెడ్ ఆ ఫైలుని బైబిలంత భక్తిగా పట్టుకున్నాడు. గోల్‌బజార్లో రంగు అట్టలు కొని, 'ఇక్కడ ఎవరూ చెయ్యి ఎత్తరు' అని బెంగాలీలో, హిందీలో, తెలుగులో తనే రాసి గోడలకి మేకులు కొట్టాడు. సోమవారం పొద్దున్నే అందర్నీ గుండ్రంగా నిలబెట్టి ఆ మాట పైకి చెప్పించేవాడు. వాళ్లు మీసాల చాటున నవ్వుకుంటూ చెప్పేవాళ్లు.

ప్రెస్సు మిషన్ల దగ్గర మాత్రం ఆ మాట చెల్లలేదు. అక్కడ పెద్ద మిస్త్రీ గోవిందరావు. రేకు పెట్టి, చెయ్యి తీసి, కాలితో పెడలు తొక్కితే పైనుంచి ఇనప దిమ్మ ధన్‌మని దిగుతుంది. రోజుకి వేలసార్లు అదే పని. కొన్నాళ్లకి కాలు దాని మానాన అది తొక్కేస్తుంది, చెయ్యి లోపలుందో బయటుందో దానికి పట్టదు. అందుకని మిషనెక్కిన ప్రతి కొత్తవాడి వెనకా గోవిందరావు నెలరోజులు వెదురు బెత్తం పట్టుకుని నిలబడేవాడు. చెయ్యి బయటికి రాకుండా కాలు కదిలిందా, మణికట్టు మీద ఫట్‌మని పడేది.

ప్యాకింగు నుంచి ప్రెస్సుకి మారిన భీమశంకరం ఒకరోజు వాచిన మణికట్టుతో ట్రైనింగు గదికి వచ్చాడు. నలభై దాటిన మనిషి, కళ్లలో నీళ్లు.

"ఈ వొయసులో బెత్తం దెబ్బలేటి సార్? ఇంటికాడ రాధ అడిగితే ఏటి సెప్పమంటారు?"

విల్‌ఫ్రెడ్‌కి ఒళ్లు మండింది. విసవిసా వెళ్లి బెత్తం లాక్కున్నాడు.

"బాబూ, నాను ఒక్క దెబ్బే కొడతాను," అన్నాడు గోవిందరావు నెమ్మదిగా. "అది సేతిని కాయడానికి. రెండోది కొడితే అది నా కోపానికి. ఇన్నేళ్లలో రెండోది కొట్టినానేటి? ఎవులినైనా అడుగు."

"ఒకటైనా దెబ్బ దెబ్బే బాబాయ్."

గోవిందరావుని స్టోరుకి మార్పించాడు. బెత్తం బీరువాలో పెట్టి తాళం వేశాడు. పైకి లెక్కపెడుతూ 'ఏక్'కి రేకు పెట్టి, 'దో'కి చెయ్యి తీసి, 'తీన్' అన్నాకే తొక్కమని భీమశంకరానికి నేర్పాడు. హెడ్డాఫీసు మెచ్చుకుంటూ ఉత్తరం రాసింది.

పన్నెండో రోజు, 'దో' దగ్గరే కాలు తొక్కేసింది.

ఆ కేక ఒంటి చెవి విల్‌ఫ్రెడ్‌కి కూడా గోడలు దాటి వినపడింది. పరుగెత్తేసరికి భీమశంకరం నేలమీద గిలగిలా కొట్టుకుంటున్నాడు. కుడి చేతికి బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. దిమ్మ కింద నూనె, రక్తం కలిసి చిక్కగా కారుతోంది. మనుషులు అతన్ని మోసుకుపోయాక, ప్యాకింగులోనే పనిచేసే అతని బావమరిది, రాధ తమ్ముడు చలపతి ఒక గుడ్డమూట తెచ్చి ట్రైనింగు గదిలో బల్లమీద కుదేశాడు. మూటలోంచి ఎర్రగా ఊరింది.

"ఇదిగో సార్, మీ కుటుంబం!"

మొదటి గుద్దుకే విల్‌ఫ్రెడ్ పన్ను ఊడింది. కింద పడ్డవాణ్ణి జుట్టు పట్టి లేపి మళ్లీ గుద్దాడు చలపతి. వెనక వచ్చినవాళ్లు బూటుకాళ్లతో కుమ్మారు. విల్‌ఫ్రెడ్ చేతులు కిందికే ఉన్నాయి, మొహానికి అడ్డం కూడా పెట్టుకోలేదు. స్టోరు నుంచి గోవిందరావు వచ్చి ఒక్కొక్కర్నీ రెక్క పట్టి అవతలికి ఈడ్చాడు.

కొట్టినవాళ్ల మీద విల్‌ఫ్రెడ్ ఫిర్యాదు రాయలేదు. సోమవారం నాడు బీరువా తెరిచి బెత్తం పట్టుకెళ్లి గోవిందరావు ముందు పెట్టాడు. ముసలాయన ముట్టుకోలేదు.

"నన్ను తీసినోడివి నువ్వే కదా. నువ్వే నిలబడు."

నిలబడ్డాడు. ఆ మిషను మీద కంపెనీ వేసింది చలపతినే. నాలుగు రోజులు అతని వెనక బెత్తం పట్టుకుని నిలబడటమంటే మాటలు కాదు. చలపతి రేకు పెడుతూ, తొక్కుతూ, పక్క మిషనువాళ్లకి వినపడేలా నోరు పారేసుకునేవాడు.

"సెవి ఎలాగూ లేదు. కళ్లయినా ఉన్నాయా సార్?"

అయిదో రోజు అలాగే తల తిప్పి నవ్వుతుండగా అతని కాలు కదిలింది. చెయ్యి లోపలే ఉంది.

విల్‌ఫ్రెడ్ కొట్టాడు. ముప్పై ఏళ్లలో మొదటిసారి చెయ్యెత్తి కొట్టాడు. చలపతి చెయ్యి వెనక్కి గుంజుకోవడం, దిమ్మ ఖాళీ రేకు మీద ధన్‌మని పడడం ఒకేసారి జరిగాయి. చలపతి తన అయిదు వేళ్లనీ తిప్పి తిప్పి చూసుకున్నాడు. మొహం పాలిపోయింది. మెల్లగా లేచి రెండు చేతులూ జోడించాడు.

"బతికించినారు సార్..."

ఆ జోడించిన చేతుల మీద రెండో దెబ్బ పడింది. మూడోది భుజం మీద, నాలుగోది మొహం మీద పడ్డాయి. పెదవి చీలి రక్తం చిమ్మింది. పన్ను పోయిన సందులో నాలుక పెట్టి నొక్కుకుంటూ కొట్టాడు విల్‌ఫ్రెడ్. చలపతి మిషను కాళ్ల దగ్గర ముడుచుకుపోయి "సార్, సార్" అంటున్నా కొట్టాడు. ఎంత హాయిగా ఉందో! ఒంట్లో ఏళ్ల తరబడి బిగబట్టిందంతా ఆ చేతిలోంచి పోతున్నట్టుంది. బెత్తం నిలువునా చీలిపోయింది. చీలికతోనే ఇంకోటి కొట్టబోతుంటే గోవిందరావు వచ్చి మణికట్టు పట్టుకున్నాడు.

షెడ్డులో మిషన్లన్నీ ఆగిపోయాయి. అందరూ విల్‌ఫ్రెడ్‌నే చూస్తున్నారు.

"మొదటిది సేతికి బాబూ," అన్నాడు గోవిందరావు. "మిగతాయి ఎవులికి?"

విల్‌ఫ్రెడ్ బెత్తం వదిలేసి నేలమీద కూలబడ్డాడు. అరచెయ్యి ఎడమ చెవి మీద పెట్టుకున్నాడు.

"మా నాన్న కూడా మొదటిది నేను మళ్లీ బండి కింద దూరకుండా బతికించడానికే కొట్టాడు బాబాయ్."