గులాబీ వెలుతురులో ఆమె ముఖం

గడియారాలు బాగుచేసే ఆయనకు టార్చిలైట్ల పిచ్చి. ఉత్త పిచ్చి కాదు, బాగా ముదిరింది. ఆదివారం వచ్చిందంటే తనలాంటి మరో అయిదుగురిని పోగేసి, తెల్లగోడ మీద వెలుతురు వేయించి, ఇందులో పచ్చదనం ఉంది, అందులో నీలం కొడుతోంది అని పొద్దుగూకేదాకా వాదులాడేవాడు. లేత గులాబీ ఛాయ ఉన్న పసుపు వెలుతురు తప్ప మిగతాదేదీ ఆయన దృష్టిలో వెలుతురే కాదు. బావమరిదిది నీలం కొట్టే తెల్లలైటు పార్టీ. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

"మీ లైటులో శవానిక్కూడా పెళ్లికళ వచ్చేస్తుంది బావా!"

"నీ లైటులో పెళ్లికూతురు కూడా శవంలాగే ఉంటుందిరా!"

ఒక మధ్యాహ్నం భార్యను తీసుకుని ఆ బావమరిది ఇంటికే వెళుతుంటే, కరెంటు పోయి లిఫ్టు అయిదో అంతస్తుకు కాస్త కింద ఆగిపోయింది. ఆమెకు ఉబ్బసం. సంచిలో మూడు టార్చీలు మరవకుండా సర్దుకున్న మహానుభావుడు, ఆమె పీల్చే మందు మాత్రం బల్లమీదే వదిలేసి వచ్చాడు. ఆ మూడు టార్చీలూ గులాబీవే.

లోపలినుంచి ఆయన వేసిన కేకలు విని బావమరిది పరుగున వచ్చి, పైన తలుపు నాలుగు వేళ్ల సందు మాత్రం తెరవగలిగాడు.

"బావా, మెకానిక్ రావడానికి గంట పడుతుందట. గడ్డపారతో విరగ్గొట్టించనా?"

"ఆగరా! ఆ కుదుపుకి లిఫ్టు జారితే? అక్క ఎలా ఉందో చూసి చెప్తానుండు."

టార్చి వేసి చూశాడు. బుగ్గలు నిగనిగలాడుతున్నాయి, పెదవులు ఎర్రగా ఉన్నాయి.

"బాగానే ఉందిలే. మెకానిక్ రానీ."

"ఊపిరాడట్లేదండీ" అంది ఆమె.

"కంగారుపడకు. నేను చూస్తున్నాగా! ముఖం కళకళలాడిపోతోంది."

నలుగురు నిలబడితే నిండిపోయే డబ్బా అది. గాలి ఉడుకెత్తింది. ఆమె గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. ఒక్కో ఊపిరీ ఈల వేస్తూ వస్తోంది. ఆయన మళ్లీ టార్చి వేశాడు. ముఖం మళ్లీ బాగానే ఉంది.

"ఒక్కసారి నా లైటుతో చూడండి బావా, మీకు దణ్ణం పెడతాను!" అంటూ బావమరిది తన టార్చిని సందులోంచి జారవిడిచాడు.

వేశాడు. ఆమె పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. అయినా నోరు ఊరుకుంటేగా! "నీ లైటులో ఎవరైనా ఇంతేగదరా" అన్నాడు.

అన్నాడే గానీ రెండు టార్చీలూ మార్చిమార్చి వేసి చూశాడు. ఒక లైటు బాగుందంటోంది, ఇంకోటి పోతోందంటోంది. దేన్ని నమ్మాలి? ఇన్ని ఆదివారాల వాదనల్లో ఒక్కటీ అక్కరకు రాలేదు. పైకి పోవడానికి లేదు, కిందికి దిగడానికి లేదు. ఏడుపొచ్చింది ఆయనకు.

అప్పుడు చేతివృత్తే ఆదుకుంది. అనుమానం వచ్చిన గడియారాన్ని ఆయన ఎప్పుడూ ఇంకో గడియారం పక్కన పెట్టి చూస్తాడు. ఆమె చేతి పక్కన తన చెయ్యి పెట్టి తెల్లలైటు వేశాడు. తన గోళ్లు పాలిపోయినా గులాబీరంగే. ఆమె గోళ్లు నీలం.

"విరగ్గొట్టరా! విరగ్గొట్టు!" అని గొంతు చిరిగేలా అరిచాడు.

లిఫ్టు జారలేదు. గడ్డపార నాలుగు దెబ్బలకు తలుపు ఊడింది. ఆమెను పైకి లాగి, మెట్లమీదుగా మోసుకుంటూ దింపి, ఆస్పత్రిలో చేర్చారు.

సాయంత్రానికి ఆమె గోళ్లు మామూలు రంగుకొచ్చాయి. డాక్టరు ఇంకో పావుగంట ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో చెప్పలేనన్నాడు. గడియారాలాయన ఆమె మంచం పక్కన కూర్చుని, అలవాటు చొప్పున జేబులోంచి టార్చి తీశాడు.

"నా లైటు మోసం చేసిందే" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

ఆమె ముక్కు మీది గొట్టాన్ని కాస్త పక్కకు జరిపింది.

"లైట్లెందుకండీ? ఊపిరాడట్లేదని నేను నోటితో చెప్పాను కదా."

ఆయన టార్చిని మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.