చూసొచ్చిన మొహం

మా లాడ్జీలో దిగే విదేశీయులకు మొదటిరోజు టీ ఇచ్చేటప్పుడే నాలుగు ముక్కలు చెప్పేస్తాను. తర్వాత నెత్తీ నోరూ కొట్టుకోవడం నావల్ల కాదు. పూరీకి వచ్చారు, సంతోషం. సముద్రం సాధువులాగే కనిపిస్తుంది, మోకాళ్ళు దాటితే లాక్కుపోతుంది, ఒడ్డున కాపలా ఉండే జాలరులు, నోలియావాళ్ళు, చెయ్యి పట్టుకుంటేనే దిగండి. గుడి ముందు పెద్దవీధి, బడదండ మీద ఎవడైనా వచ్చి "నా దగ్గరి బంధువు ఈ గుళ్ళో పూజారి, పండా, గుడంతా చూపిస్తా" అంటే నవ్వి ముందుకు పొండి. మహాప్రసాదం పెడితే నేలమీద కూర్చుని తినండి. ఉప్పు చాలలేదనీ, బలే రుచిగా ఉందనీ ఏదీ అనకండి. అది స్వామి తిన్న అన్నం, దానికి మార్కులు వెయ్యడానికి మనమెవరం? ఇక సింహద్వారం దగ్గర నిలబడి లోపలికి పంపమని వాదించకండి. హిందువుల్ని తప్ప పంపరు. మీరు అరిచినా మారదు, నేను అరిచినా మారదు. లోపలికి రానివాళ్ళ కోసం ద్వారంలో పెట్టిన స్వామి రూపం, పతితపావనుడు, రోడ్డు మీదినుంచే కనిపిస్తాడు, దణ్ణం పెట్టుకుని వచ్చి భోంచెయ్యండి.

ఈ ఆఖరి మాటకు చాలామంది మొహాలు మాడిపోతాయి. కొందరు నాతోనే వాదనకు దిగుతారు, ఆ గేటు నేనే కట్టించినట్టు. మార్గిత్ మాత్రం మొదటిసారి వచ్చినప్పుడు, "సరే అపా, బయట కూర్చోడానికి నీడ ఎక్కడుంటుంది?" అని అడిగింది. అపా అంటే అక్క. అప్పుడే ఈవిడ మన మనిషి అనుకున్నాను.

మార్గిత్‌ది హంగరీ. అక్కడ ట్రాముల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం చేసి రిటైరయింది. ఏటా కార్తీకానికి వచ్చి నెలంతా మా మేడమీది గదిలో ఉంటుంది. మా ఒడియా భాష రిక్షావాళ్ళ దగ్గర నేర్చుకుంది కనక పండానీ పోలీసునీ కూడా "నువ్వు" అనే అంటుంది. ఎవరూ కోపం తెచ్చుకోరు. రోజూ పొద్దున్నే వెళ్ళి సింహద్వారం ఎదురుగా ఖాజాల కొట్టు అరుగుమీద కూర్చుంటుంది. వచ్చి అన్నం తింటుంది. అంతే ఆవిడ యాత్ర.

ఈ ఏడు ఆలస్యమై, కార్తీకం చివర్లో ఆవిడ వచ్చేసరికి మా ఇల్లు ఇల్లులా లేదు. మా అత్తగారు హారామణి నూతి దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుని మంచాన పడింది. డాక్టరు రెండు మాటలు గట్టిగా చెప్పాడు. మంచం దిగనివ్వొద్దు, కడుపునిండా తిండి పెట్టండి, ఈ వయసులో తిండి తగ్గితే ఎముక అతకదు సరికదా మనిషే దక్కదు అని.

మంచం దిగకుండా చూడగలిగాం. తిండే సమస్య. మా అత్తగారు స్వామిని చూడందే అన్నం ముట్టదు. పెళ్ళై ఈ ఊరొచ్చిన నాటినుంచీ అదే నియమం. జ్వరం వచ్చినా వెళ్ళింది, తుపాను వచ్చి చెట్లు పడిపోయిన రోజూ వెళ్ళింది. స్నానపూర్ణిమ తర్వాత స్వామికి జ్వరమని తలుపులు మూసే అణసర రోజుల్లో పళ్ళూ పాలతో గడిపేది. ఇప్పుడూ అదే పట్టు పట్టింది.

"అప్పుడు స్వామికి జబ్బు, ఇప్పుడు నాకు జబ్బు. చూపు లేదు, అన్నం లేదు" అంది గోడవైపు తిరిగి.

గోడకు చెప్పడం ఆవిడకు అలవాటు. మా అత్తా నేనూ మొదటినుంచీ ఉప్పూ నిప్పూ. పెళ్ళిచూపుల్లో నా జుట్టు చూసింది, పాదాలు చూసింది, చేతిగీతలు కూడా చూసింది. ఆ తర్వాత నా మొహం చూసి మాట్లాడిన రోజు నాకు గుర్తులేదు. "ఈ ఇంట్లో ఎవరైనా పుణ్యాత్ములుంటే కాసిని నీళ్ళిస్తారేమో" అని గోడతో అనేది. "ఈ ఇంట్లో పుణ్యాత్ములు ఒక్కరే ఉన్నారు, వాళ్ళకు కాళ్ళూ చేతులూ ఉన్నాయి" అని నేను చెంబుతో అనేదాన్ని. అలా గోడా చెంబూ సాక్షిగా కాపురం వెళ్ళిపోయింది.

మా పండా రోజూ మహాప్రసాదం తెచ్చిచ్చేవాడు. దాన్ని వద్దంటే మహాపాపం. మా అత్త ఆ పాపం కూడా చెయ్యలేదు. ఒక్క మెతుకు నాలుక మీద వేసుకునేది, మిగతాది కళ్ళకద్దుకుని పక్కన పెట్టేది. తిన్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. పాలు సగం గ్లాసు, అరటిపండు సగం. చేతి గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. మా ఆయన ఖుర్దా రోడ్డులో రైల్వే డ్యూటీలో ఉండి "ఎలాగైనా తినిపించు కుంతలా" అని ఫోను చేసేవాడు. ఫోన్లో తినిపించడం ఎంత తేలికో! నాకు భయం వేసింది. ఎంత నిప్పైనా ఆవిడ పోతే ఈ ఇంట్లో నేను ఎవరితో పోట్లాడను?

మార్గిత్ వచ్చిన రెండోరోజు మంచం పక్కన నేలమీద కూర్చుంది. మా అత్తకు అసలే చిరాకు.

"ఇన్నేళ్ళుగా వస్తున్నావు, గేటు బయటే కూర్చుని పోతున్నావు. ఒక్కనాడూ లోపలి స్వామిని చూడలేదు. చూడకుండా నీకు ముద్ద ఎలా దిగుతుందే?" అంది.

"చూడకుండా ఎక్కడ తిన్నాను మావుసీ? రోజూ చూసే తింటాను" అంది మార్గిత్. మా అత్తను మావుసీ అని పిలుస్తుంది, అంటే పిన్ని.

"ఏం చూస్తావు, ఖాజాలా?"

"మొహాలు. లోపలినుంచి బయటికొచ్చేవాళ్ళ మొహాలు. ట్రాములో నేను ముందు టికెట్ చూసేదాన్ని కాదు, మొహం చూసేదాన్ని. టికెట్ ఉందో లేదో మొహమే చెప్పేస్తుంది. ఇక్కడా అంతే. కొందరు లోపలికెళ్ళి చెప్పుల గురించే ఆలోచిస్తారు, కొందరు పండాతో గొడవపడి వస్తారు. వాళ్ళ మొహంలో ఏమీ ఉండదు. కొందరు చూసొస్తారు. అప్పుడే చూసొచ్చిన మొహంలో ఆయన ఇంకా ఉంటాడు, కొంచెంసేపు. నేను దాన్ని చూస్తాను."

మార్గిత్ మంచానికి కాస్త దగ్గరికి జరిగింది.

"నిజం చెప్పనా? నేను రోజూ నీ కోసమే కూర్చునేదాన్ని. నువ్వు మెట్లు దిగి, కొంగు సర్దుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చేదానివి. నీ మొహం చూసి నేను ఇంటికొచ్చి అన్నం తినేదాన్ని. నీకు తెలీదు."

మా అత్త తల ఇటు తిప్పింది. "మరి ఈ ఏడు?"

"ఈ ఏడు వెతుక్కుంటున్నాను" అంది మార్గిత్. "నీ అంత బాగా చూసొచ్చేవాళ్ళు దొరకడం లేదు."

మా అత్త మళ్ళీ తల తిప్పుకుని గోడతో అంది. "ఈ ఇంట్లోంచి ఎవరైనా గుడికెళ్ళి చూసొస్తే, ఆ మొహం చూసి నేనూ తినొచ్చునేమో."

ఈ ఇంట్లో ఎవరైనా అంటే నేనే. నాకు నవ్వూ కోపమూ రెండూ వచ్చాయి. ఆ మొహం చూడటమంటే నా మొహం చూడాలిగా మరి!

మర్నాడు పొద్దున్నే బయల్దేరాను. గుడికి నేను వెళ్ళనని కాదు. పండగలకూ పబ్బాలకూ వెళ్తాను. కానీ లాడ్జీ నడిపేదాన్ని, దణ్ణం పెడుతూనే గీజరు కట్టేశానా లేదా అనుకుంటాను. ఆ రోజూ అలాగే చూశాను. జనం తోసుకుంటుంటే స్వామి కనిపించాడు, దణ్ణం పెట్టాను, బయటపడ్డాను. దారిలో అరటికాయలు కొంటే వాడు అడుగున కుళ్ళినవి పెట్టాడు. ఊరుకుంటానా? వాడి మూడు తరాలనూ బడదండ మీదికి లాగి ఇంటికొచ్చాను.

మంచం పక్కన కూర్చున్నాను. మా అత్త నా మొహం వైపు ఒక్క క్షణం చూసి కళ్ళు మూసుకుంది.

"ఇందులో స్వామి ఎక్కడున్నాడే? అరటికాయలున్నాయి" అంది.

"మీకెలా తెలుసు అత్తయ్యా?"

"వీధి చివర నీ గొంతు వినిపించిందిలే."

ఆ రోజు పాలు కూడా ముట్టలేదు. సాయంత్రం ఆవిడ నీళ్ళగ్లాసు ఎత్తలేక మంచం మీద ఒలకబోసుకుంది. దుప్పటి మారుస్తూ ఎత్తితే తేలిపోయింది మనిషి, ఉతికి ఆరేసిన చీరలాగా. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఈ ఊళ్ళో పుట్టి, గుడిలోకి నడిచి వెళ్ళగలిగీ, చూసి రావడం నాకు చేతకాలేదు. లోపలికి పోనివ్వని మనిషి ఇన్నేళ్ళుగా చూస్తూనే ఉంది.

మార్గిత్ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "అపా, నువ్వు మాకందరికీ సలహాలు చెప్తావుగా. ఇవాళ నేను చెప్తాను, విను. లోపల ఏమీ అడక్కు. అడిగేవాళ్ళు తమ కోరికనే చూస్తారు. ఊరికే చూడు. బయటికి వచ్చాక ఎవరితోనూ మాట్లాడకు. మిగతాది నేను చూసుకుంటాను."

"ఏం చూసుకుంటావు?"

"దారి."

మర్నాడు ఇద్దరం కలిసి వెళ్ళాం. ఆవిడ అరుగుమీద ఆగిపోయింది, నేను లోపలికి వెళ్ళాను. కార్తీకం చివరి అయిదురోజులు మొదలయ్యాయి. కొంగ కూడా చేప ముట్టదంటారు ఆ రోజుల్లో. జనం ఇసకేస్తే రాలనట్టున్నారు. గరుడస్తంభం వెనక నిలబడ్డాను. అలవాటుగా నోట్లోకి "మా అత్తను" అని వచ్చింది. ఆపేశాను. ఊరికే చూశాను. నల్లని మొహం, గుండ్రని కళ్ళు. రెప్పలు లేని కళ్ళు. ఎవరో మోచేత్తో పొడిచారు, ఎవరో నా కాలు తొక్కారు. చూస్తూనే ఉన్నాను. నేను ఆయన్ని చూస్తున్నానో ఆయన నన్ను చూస్తున్నాడో తెలియని చోటు ఒకటి వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ గుడిలో నాకు ఏ పనీ గుర్తురాలేదు. ఇంత దయగల చూపు పక్కన పెట్టుకుని ఇన్నాళ్ళూ గీజరు గురించి ఆలోచించానా అనిపించింది.

మెట్లు దిగి బయటికి వచ్చాను. మార్గిత్ నా మొహం చూసి లేచి నిలబడింది. చేతులు జోడించింది. తర్వాత నా ముందు నడిచింది, పెళ్ళికూతురికి దారి చేసినట్టు.

రోజూ ఆవిడ వెంటపడే గైడ్లు ఆ రోజూ వచ్చారు. "మేడం, గుడి చూపిస్తాను, నా దగ్గరి బంధువు పండా" అన్నాడొకడు. "నువ్వు పక్కకు జరుగు నాయనా, వెనక స్వామి వస్తున్నాడు" అంది. వాడు బిత్తరపోయి నిజంగానే వెనక్కి చూశాడు. అరటికాయలవాడు నన్ను చూసి నోరు తెరవబోయాడు. "నువ్వు రేపు తిట్టు, ఇవాళ సెలవు" అని వాడి నోరు మూయించింది. ఎదురింటి ఆవిడ ఏదో అడిగింది, ఆవిడకూ వేలితో సైగ చేసింది. మా సందు మలుపు దాకా నా చెవిన ఒక్కమాట పడనివ్వలేదు.

చెప్పులు విడిచి తిన్నగా అత్తగారి మంచం మీద కూర్చున్నాను. పక్కనే పండా తెచ్చిన ఆకు, కుండలో అన్నం, కూరగాయలు వేసి వండిన పప్పు డాల్మా. మార్గిత్ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

మా అత్త గోడవైపు తిరిగి ఉంది. నెమ్మదిగా ఇటు తిరిగింది. చెయ్యి చాపి నా గడ్డం పట్టుకుంది. "వెలుగులోకి తిప్పు. కళ్ళు పెద్దవి చెయ్యి" అంది.

చేశాను. ఆవిడ చూసింది. నా నుదురు, ముక్కు, కళ్ళు. మళ్ళీ కళ్ళు. అక్కడే ఆగిపోయింది. నేను రెప్ప వెయ్యలేదు. ఆవిడా వెయ్యలేదు. ముడతల్లో దాక్కున్న ఆ కళ్ళు ఇంత అందమైనవని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. నేనూ ఎప్పుడూ చూడలేదుగా, చెంబుతో మాట్లాడటమే సరిపోయింది.

"ఉన్నాడు" అంది మా అత్త.

చూపు తిప్పకుండానే, చేత్తో తడుముతూ ఆకు దగ్గరికి లాక్కుంది. డాల్మా కలుపుకుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది, నమిలింది, మింగింది. నా మొహం చూస్తూనే రెండోది కలిపింది. ఇక నావల్ల కాలేదు. కళ్ళు నిండిపోయాయి.

గడ్డం మీది పట్టు గట్టిపడింది.

"ఏడవకే కుంతలా. స్వామి చెరిగిపోతాడు. ఇంకో ముద్ద తిననీ."