ముప్పై నిమిషాల కుర్చీ

ఇరవై ఒకటి, ఇంకా తొమ్మిది నిమిషాలు, ఈ బెంచీ ఎవరు చేశారో గానీ ఆరేళ్ల పిల్లల కొలతకు చేశారు, నలభై ఆరేళ్ల నా మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి, పోనీలే, కూర్చోవలసింది నేను కాదు, ముందు వరసలో ప్లాస్టిక్ అల్లిక కుర్చీలో ఉన్న గింగిరి, ముప్పై నిమిషాలు లేవకుండా కూర్చుందని నేను ఈ కాగితం మీద సంతకం పెడితే పిల్ల ఈ ఊరి బడిలోనే ఉంటుంది, లేదంటే పట్నంలో హాస్టలున్న ప్రత్యేక బడికి పంపాలట, హెడ్మాస్టరు గారు ఆ మాట చెప్పిన రోజు గింగిరి వాళ్లమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని సూదిలో దారం నాలుగుసార్లు ఎక్కించి నాలుగుసార్లూ లాగేసింది, ఇరవై రెండు, భేష్, కదలడం లేదు, ఎప్పుడూ గింగిరాలు తిరుగుతుందని మేనమామ పెట్టిన పేరు అది, అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎవరూ వాడరు, నన్నూ అంతే, డాక్టరమ్మ అంటారు, నేను డాక్టర్ని కాను మొర్రో, బొత్తాలు పెట్టుకోవడం, పెన్సిలు పట్టుకోవడం, గోలలో నిలదొక్కుకోవడం లాంటివి పిల్లలకు సులువయ్యే దారి చూసే థెరపిస్టుని అని మొదట్లో చెప్పేదాన్ని, అలాగే డాక్టరమ్మా అనేవాళ్లు, ఇక ఊరుకున్నాను.

నాలుగు నెలలుగా వారానికోసారి బస్సు దిగి మట్టిరోడ్డు మీద నడిచొచ్చి నేర్పాను, మొదట రెండు నిమిషాలు, తర్వాత ఐదు, గోడకు అంటించిన కాగితం మీద నిమిషానికో నక్షత్రం, చెవుల దగ్గర వేళ్లు ఆడిస్తుంటే చేతులు తొడల కింద పెట్టుకో తల్లీ అని చెప్పింది కూడా నేనే, చెప్పి ఎంత మురిసిపోయాననీ, ఆఫీసులో అందరికీ ఫొటో చూపించాను, చూడండి చేతులు ఎంత బుద్ధిగా ఉన్నాయో అని, ఇరవై నాలుగు, వాళ్ల అమ్మమ్మ మాత్రం మురవలేదు, మొన్న పెరట్లో బఠాణీలు ఒలుస్తూ, ఏమీ అనుకోకు డాక్టరమ్మా, బడి నుంచి వచ్చాక పిల్ల మంచం కిందికి దూరి చీకటిపడే దాకా బయటికి రావడం లేదు, పిలిస్తే పలకడం లేదు అంది, అలవాటవుతుందిలే పెద్దమ్మా అన్నాను, ఎంత తేలిగ్గా అనేశాను, ఆవిడ వదల్లేదు, ఇది నడిస్తేనే వింటుందమ్మా, కూచోబెడితే దాని బుర్రకేమీ ఎక్కదు, నేను కథ చెబుతుంటే నీళ్లతొట్టి చుట్టూ తిరిగి తిరిగి చివరికి నేను మర్చిపోయింది కూడా అదే అందిస్తుంది అంది, నేను నవ్వేసి నోటు పుస్తకంలో అమ్మమ్మ గారాబం అని రాసుకున్నాను, గారాబమట, నా మొహం, పదిహేనేళ్ల సర్వీసు.

ఇరవై ఎనిమిది, మాస్టారు వాన ఎలా పడుతుందో చెబుతున్నారు, మేఘం తుమ్మినట్టు చేసి చూపిస్తే పిల్లలందరూ కిసుక్కున నవ్వారు, గింగిరి నవ్వలేదు, మెడ బిగుసుకుపోయి ఉంది, కింది పెదవి పళ్ల మధ్య నలుగుతోంది, కళ్లు బోర్డు మీద లేవు, మాస్టారి మీద లేవు, గోడ గడియారం ముల్లు మీద ఉన్నాయి, ఓరి దేవుడా, ఈ గదిలో పాఠం వినకుండా నిమిషాలు లెక్కపెడుతున్నవాళ్లం ఇద్దరమే, అదీ నేనూ, ఇరవై తొమ్మిది, ముప్పై, మాస్టారు సంతోషంగా, ఏదీ చెప్పమ్మా, నీళ్లు పైకెలా వెళ్తాయి అని అడిగారు, ఆయన వైపు చూడనే లేదు, నా వైపు తిరిగి, అయిపోయిందా అంది, అయిపోయింది తల్లీ అన్నాను, అప్పుడు తొడల కింద నుంచి చేతులు తీసింది, అరచేతుల నిండా కుర్చీ అల్లిక ఎర్రగా అచ్చుపడి ఉంది, వేళ్లు మొద్దుబారి విచ్చుకోవడం లేదు, నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది, పిల్లలు చూస్తున్నారని ముక్కు చీదినట్టు నటించాను.

ముప్పై అయింది కదా, సంతకం పెట్టేయండి డాక్టరమ్మా, ఇక పిల్ల మనదే అని గుమ్మంలో నిలబడి చూస్తున్న హెడ్మాస్టరు గారు లోపలికొచ్చి పెన్ను అందించారు, మంచాయనే, ఆయన పైవాళ్లకు చూపించుకోవాలి, పెట్టొచ్చు, అబద్ధమేమీ కాదు, పెడితే రేపటి నుంచి రోజుకు ఐదు గంటలు ఈ చేతులు ఇలాగే, పెట్టకపోతే హాస్టలు, వాళ్లమ్మ, ఆ సూది, ఇవి రెండే దారులని ఎవరు చెప్పారు, కాగితం చెప్పింది, దాన్ని పట్టుకుని నాలుగు నెలలు ఊరేగింది నేను, పెన్ను తీసుకుని రాశాను, ముప్పై నిమిషాలు కూర్చుంది, అంతసేపూ ఏమీ వినలేదు, కూర్చోబెట్టడం నా తప్పు, క్లాసులో నడవనివ్వాలి, చేతులు ఆడించుకోనివ్వాలి, ఈ బడిలోనే ఉంచాలి, ఆయన చదివి తల గోక్కుని, కాగితంలో దీనికి గడి లేదండీ అన్నారు, లేకపోతే వెనకవైపు కూడా రాస్తాను అన్నాను, ఈ పిల్ల క్లాసులో నడిస్తే తక్కిన పిల్లల మాటేమిటి అన్నారాయన, మాస్టారు సుద్దముక్క జేబులో వేసుకుంటూ, నేనూ తిరుగుతూనే కదండీ పాఠం చెప్పేది, నన్నెవరూ కుర్చీకి కట్టేయలేదు అన్నారు, హెడ్మాస్టరు గారు ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, సరే, ఈ టర్మంతా ఉంచుదాం, పైవాళ్లు అడిగితే మీరొచ్చి చెప్పుకోవాలి అన్నారు, వస్తాను, ఎన్నిసార్లయినా వస్తాను, వాళ్లమ్మకు ముందు నేనే చెప్పాలి, అమ్మమ్మ దగ్గర తప్పు ఒప్పుకోవాలి, గింగిరి అప్పటికే లేచి వెనక గోడ వెంట నడుస్తోంది, చెవి పక్కన వేళ్లు మెల్లగా కదులుతున్నాయి, నేను పిలవలేదు, అది చూడలేదు, చూడక్కర్లేదు కూడా, నాలుగు నెలలుగా ఈ పిల్ల కూర్చోవడం నేర్చుకుంటోందని నక్షత్రాలు అంటించాను, అది నేర్చుకున్నది కూర్చోవడం కాదు, నన్ను భరించడం.